అమ్మ, వాంతుల గోళీ, దూలగొండి

నల్లగొండ,
ఆదివారం పొద్దున

ఒరేయ్ కంపాసూ,

జవాబు రాయలేదని కోపంగా ఉన్నావట, మీ తమ్ముడు చెప్పాడు. ఏమనుకోకురా. దీపావళి తర్వాత మా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. ఫోన్లో చెబుదామంటే నీ వెనక మగ్గాల చప్పుడు, సగం నీకు వినపడదు. పైగా ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు.

ముందు ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. బత్తాయి కాపు బాగుంది, రేటు లేదు. పెద్దోడు ఇంటర్ సెకండియర్, పొద్దస్తమానం టెస్టులే. మీ చెల్లెకు మోకాళ్ల నొప్పి కాస్త నయం. గడియారం సెంటర్లో మన చాయ్ హోటల్ తీసేశారు, అక్కడిప్పుడు మొబైల్ షాపు. మిగతావి నువ్వొచ్చినప్పుడు.

అసలు సంగతేందంటే, అమ్మ లేచి నడుస్తోందిరా! నేనిది రాస్తుంటే ఎదురుగా అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నెల కిందట ఈ మాట రాస్తానని అనుకోలేదు.

అమ్మకు పార్కిన్సన్స్ అని నీకు తెలుసు కదా. మొదట్లో కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే రాసుకుంటూ ఉండేవి. అంతకు చాలా ముందే పోపు మాడినా ఆమెకు వాసన తెలిసేది కాదు. జలుబనుకున్నాం. వాసన పోవడం ఈ జబ్బులో చాలామందికి వణుకు కంటే ముందే మొదలవుతుందట. సరే, గోళీలు మొదలుపెట్టాక బాగానే ఉంది. మొన్న దసరాకు బతుకమ్మను తనే పేర్చింది, నువ్వూ చూశావు.

దీపావళి అయ్యాక ఒక రాత్రి జ్వరం, వాంతులు. మన వీధి ఆరెంపీని పిలిచాం, ఇంజక్షన్ చేసి గోళీలిచ్చాడు. వాంతులు తగ్గాయి. కడుపులో ఇంకా తిప్పుతోందంటే అవే గోళీలు ఇంకో పట్టీ ఇచ్చాడు. రోజులు గడిచే కొద్దీ అమ్మ బిగుసుకుపోయింది. మంచం మీద పక్కకు తిరగలేదు. కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరం పట్టాలి. ముఖంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు. మాట గొంతులోనే ఉండిపోయేది. జబ్బు ముదిరిందన్నారు కొందరు. అక్క దిష్టి తీసింది. ఒక రాత్రి నీళ్లు తాగిస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఇగ చాలు కొడుకా" అంది. అప్పుడు నాకెట్లా అనిపించిందో... వద్దులే.

హైదరాబాద్ తీసుకుపోయాం. న్యూరాలజీ డాక్టరమ్మ అమ్మ చేతులు వంచి చూసి, మొదట అడిగిన మాట: "ఈ మధ్య కొత్త గోళీ ఏదైనా వేస్తున్నారా?" మీ చెల్లె సంచిలోంచి పట్టీ తీసింది. వెనక వెండి కాగితం మీద చిన్న అక్షరాలు, డాక్టరమ్మ ఫోన్ లైటు వేసి చదివింది. మెటోక్లోప్రమైడ్. "ఇది ఈ రోజే ఆపేయండి" అంది. అంతే. కొత్త స్కానింగు లేదు, కొత్త మందు లేదు. ఆ గోళీ ఆపాక కొద్దికొద్దిగా అమ్మ తిరిగొచ్చింది. ముందు మాట వచ్చింది, తర్వాత పక్కకు తిరగడం, తర్వాత నడక.

ఇంటర్ పిల్లలకు నేను ఏటా చెప్పే పాఠమే ఇది. ఈసారి అది మా ఇంట్లో మంచం మీద కనపడింది. అందుకే నీకు మొత్తం చెప్పాలి, విసుక్కోకుండా చదువు.

మెదడు అడుగున నల్లగా కనపడే చిన్న భాగం ఒకటుంది, సబ్‌స్టాన్షియా నైగ్రా. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనం తయారుచేసి స్ట్రయేటం అనే చోటికి పంపుతాయి. కాళ్లూ చేతులూ అనుకున్నట్టు కదలాలంటే అది అందాలి. పార్కిన్సన్స్‌లో ఆ కణాలు చచ్చిపోతుంటాయి. చెయ్యి వణికే నాటికే వాటిలో పెద్ద భాగం పోయి ఉంటుంది. డోపమైన్‌నే గోళీగా మింగితే రక్తంలోంచి మెదడులోకి పోదు, అందుకని లెవోడోపా ఇస్తారు. అది లోపలికి పోయి డోపమైన్‌గా మారుతుంది. దారిలోనే మారిపోకుండా కార్బిడోపా కలుపుతారు. అమ్మ వేసుకునేది అదే.

ఇక్కడే అసలు తిరకాసు. డోపమైన్ ఉంటే చాలదు, దాన్ని అందుకునే రిసెప్టర్ ఖాళీగా ఉండాలి. డీ1 నుంచి డీ5 దాకా ఐదు రకాలున్నాయి. దేవరకొండ బస్సు స్టాండులోకి రాగానే నువ్వు కిటికీలోంచి తువ్వాల వేసేవాడివి గుర్తుందా? (ఆకుపచ్చ తువ్వాల. ఆ కండక్టరు. ఇంకేం రాయను, మీ ఇంట్లో వాళ్లు చదివితే నీకే నష్టం.) మనిషి కూర్చోలేదు, కానీ ఆ సీటు ఇంకొకరికి దొరకదు. మెటోక్లోప్రమైడ్ డీ2 రిసెప్టర్ మీద చేసేది అదే. తనేమీ పని చెయ్యదు, డోపమైన్‌ను చెయ్యనివ్వదు. అసలే అమ్మ మెదడులో మిగిలింది కాస్త డోపమైన్, దానికీ చోటు లేకుండా చేసింది.

మరి వాంతులు ఎందుకు తగ్గాయంటావా? రక్తంలో విషం చేరితే పసిగట్టి వాంతి చేయించే చోటు మెదడు వెనక భాగంలో అడుగున ఉంది. రక్తంలోంచి ఏదంటే అది మెదడులోకి పోకుండా ఒక కాపలా ఉంటుంది, పసిగట్టాలి కాబట్టి అక్కడ మాత్రం అది పల్చన. అక్కడా డీ2 రిసెప్టర్లే ఉన్నాయి, వాటిని మూస్తే వాంతి ఆగుతుంది. డోంపెరిడోన్ కూడా వాటినే మూస్తుంది, కాకపోతే కాపలా దాటి లోపలికి పెద్దగా పోదు. అందుకే పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు వాంతులైతే చాలావరకు అదే రాస్తారట. దానికీ గుండె లయ తప్పించే గుణం ఉంది కాబట్టి, ముందు ఈసీజీ తీసి చూశాకే మాకు చీటీ రాసింది డాక్టరమ్మ.

ఆరెంపీ మీద కోపం రాలేదనను. వచ్చింది, బాగా వచ్చింది. కానీ రాత్రి పదింటికి పిలిస్తే చెప్పులేసుకుని వచ్చేది అతనొక్కడే. పట్టీ తీసుకుపోయి చూపించి, అమ్మ జబ్బున్న వాళ్లకు ఇది వెయ్యొద్దని చెప్పాను. గోడ మీద క్యాలెండర్ వెనక రాసి పెట్టుకున్నాడు. అది నాకు నచ్చింది.

ఇంకో మాట. మందు పొద్దున పనిచేస్తోంది, మధ్యాహ్నం పనిచెయ్యట్లేదని అమ్మ ఎప్పటినుంచో అంటోంది. మాకు అర్థమయ్యేది కాదు. డాక్టరమ్మ అడిగింది, మధ్యాహ్నం ఏం తింటావమ్మా అని. పప్పూ, పెరుగూ. గోళీ అన్నంతో పాటే. పప్పులోంచి వచ్చే అమైనో ఆమ్లాలూ, లెవోడోపా కూడా పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి ఒకే దారిన పోవాలి, పోటీలో మందు వెనకబడుతుంది. ఇప్పుడు గోళీ తిండికి గంట ముందు వేస్తున్నాం, పప్పు రాత్రికి మార్చాం. మధ్యాహ్నం పచ్చిపులుసుతో తింటోంది. నాలుగు గంటలకు తనే లేచి చాయ్ పెడుతోంది!

అవునూ, దూలగొండి! నవ్వకు. హిందీ సారు కుర్చీ, నువ్వు, నేను, ఆ మధ్యాహ్నం. సారు చొక్కా విప్పి బోరింగు దగ్గరికి పరుగెత్తడం. ఆ కాయ మీది నూగులో మ్యూకునైన్ అని ఒక ఎంజైమ్ ఉంది, అది చర్మంలోని రిసెప్టర్లను కోసి దురద పుట్టిస్తుందని 2008లో తేల్చారు. మామూలు దద్దుర్ల దురదలాగా హిస్టమిన్ వల్ల వచ్చేది కాదు. ఇక ఆ కాయలోని గింజల్లో ఏముందో తెలుసా? లెవోడోపా! అమ్మ గోళీలో ఉన్నదే. 1937లోనే దామోదరన్, రామస్వామి అనే మనవాళ్లు ఆ గింజల్లోంచి దాన్ని వేరుచేశారు. కంపవాతానికి ఆయుర్వేదంలో ఆ గింజలు వాడటం అంతకు ఎన్నో తరాల ముందు సంగతి. తోట కంచె మీద పాకే తీగ, పిల్లలను అటు పోవద్దని తిడతాం కదా, దాని గింజలో ఇదుంది. నాకు ఒళ్లు జలదరించింది.

ఆ మాట వినగానే మా పక్కింటాయన గింజల పొడి తెచ్చిచ్చాడు. వేయలేదు. ఏ గింజలో ఎంత ఉంటుందో లెక్కుండదు, ఇప్పటికే గోళీ వేస్తుంటే మందు మోతాదు మించిపోతుంది. డాక్టరమ్మ కూడా వద్దంది.

సర్పగంధ మొక్క సంగతి కూడా చెప్పాలి. దాంట్లోంచి తీసిన రిసెర్పిన్ బీపీకి వాడేవాళ్లు. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ అది కుందేళ్లకు ఇస్తే, మెదడులో డోపమైన్ నిల్వలు ఖాళీ అయి, చెవులు వాల్చేసి కదలకుండా పడి ఉన్నాయి. డోపమైన్‌గా మారే డోపా ఇంజక్షన్ చేస్తే కాసేపట్లోనే చెవులు నిక్కించి లేచాయి. ఆ కుందేళ్ల ఫోటో చాలా పుస్తకాల్లో ఉంటుంది, ఇప్పుడు దాన్ని చూస్తే నాకు అమ్మే గుర్తొస్తుంది. 1960లో వియన్నాలో హార్నికీవిచ్, పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ల మెదళ్లు పరీక్షించి, స్ట్రయేటంలో డోపమైన్ అడుగంటిందని చూపాడు. 1967లో కోట్జియాస్ ఆ డోపానే గోళీగా మోతాదు మెల్లగా పెంచుతూ ఇచ్చి మనుషులను నడిపించాడు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది. హార్నికీవిచ్‌కు రాలేదు, అది నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

మనవాడూ ఉన్నాడురా ఇందులో. డోపమైన్ డీ1 రిసెప్టర్‌కు తగిలితే కణం లోపల, దానికి శక్తినిచ్చే ఏటీపీలోంచి సైక్లిక్ ఏఎంపీ అనే అణువు తయారవుతుంది, కబురు లోపలికి అందేది దాంతోనే. డీ2కి తగిలితే అది తగ్గుతుంది. ఆ ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి కండరాల్లో కనిపెట్టింది మన ఎల్లాప్రగడ సుబ్బారావు. సైక్లిక్ ఏఎంపీని సదర్లాండ్ లివర్లో కనిపెట్టాడు, అడ్రినలిన్ తగిలితే లివర్ రక్తంలోకి చక్కెర ఎలా వదులుతుందో వెతుకుతూ. చక్కెరకూ మెదడుకూ లోపల కబురందే పద్ధతి ఒకటే! నీ షుగర్‌కు కూడా చుట్టరికం ఉంది, డోపమైన్ రిసెప్టర్ల మీద పనిచేసే బ్రోమోక్రిప్టిన్‌ను 2009లో అమెరికాలో షుగర్ మందుగా ఒప్పుకున్నారు. ఇది చదివి నువ్వు అడిగి రాయించుకోవద్దు. నీకు కావల్సింది నడక.

ఇప్పుడు అసలు ఎందుకింత రాశానో విను. దసరాకు మీ బాపు వచ్చినప్పుడు చాయ్ గ్లాసు పట్టుకుంటే సాసరులో చప్పుడైంది. నడుస్తుంటే ఎడమ చెయ్యి ఊగట్లేదు. అప్పటికి నాకీ గోళీల సంగతి తట్టలేదు. బాపు తల తిరుగుడుకు అక్కడెవరో రాసిన గోళీ ఏండ్ల తరబడి వేసుకుంటున్నాడని నువ్వే అన్నావు. ఆ పట్టీ వెనక్కి తిప్పి చదువు. సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, ఈ మూడింట్లో ఏదున్నా నాకు వెంటనే చెప్పు. మూడూ డీ2 రిసెప్టర్లను మూసేవే, పెద్దవయసు వాళ్లకు వణుకు, బిగుతు తెచ్చేవే. ఆపితే చాలామందికి మెల్లగా తగ్గుతుంది, నెలలు పట్టొచ్చు.

నువ్వు మాత్రం సొంతంగా ఆపొద్దు. పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకుని, బాపును న్యూరాలజీ డాక్టర్ దగ్గరికి తీసుకుపో. వేరే కారణమూ ఉండొచ్చు, థైరాయిడ్ ఎక్కువైనా చేతులు వణుకుతాయి, ఆ పరీక్ష కూడా అడుగు. బాపు "నాకేమైందిరా, వయసు" అంటాడు, ఆ మాట వినకు. అమ్మను కూడా అందరూ వయసనే అన్నారు. నాకు ఆ మాటంటేనే ఇప్పుడు భయం. బాపును బెదిరించకు, చాయ్ తాగడానికి పోదాం రా అని చెప్పి...

మోటారుకు కరెంటొచ్చింది, మీ చెల్లె కేకేస్తోంది. మధ్యాహ్నం లోపు తోట తడవాలి. ఉత్తరం మీ తమ్ముడి చేతికే ఇస్తున్నా, రాత్రి బస్సుకు సూరత్ వస్తున్నాడట. పట్టీల ఫోటోలు ఈ వారంలోనే పంపు, రెండు వైపులా తియ్యి, వెండి కాగితం వైపు మరిచిపోకు.

నీ
దవాతు