ఆపరేషన్ వాయిదా వేయకు తల్లీ

చిన్నీ,

దవడ ఎంతమేర తీస్తారో విన్నాక, ముందు కీమోతోనే చూద్దాం, ఆపరేషన్ తర్వాత ఆలోచిద్దాం అంటున్నావని అమ్మ చెప్పింది. ముఖం ఎలా మారిపోతుందోనన్న నీ భయం చిన్నదేం కాదు. కానీ డాక్టర్‌గారిని గుచ్చిగుచ్చి అడిగి తెలుసుకున్నవి కొన్ని ఉన్నాయి. అవి చదివాక నిర్ణయం తీసుకో.

నీకొచ్చిన ఈ ఎముక క్యాన్సర్, ఆస్టియోసార్కోమా గురించి నువ్వు రాత్రంతా చదివిందంతా మోకాలి దగ్గర, పదిహేను పదహారేళ్ల పిల్లలకు వచ్చేదాని గురించి. దవడలో వచ్చేది మొత్తం కేసుల్లో నూటికి ఆరేడు మాత్రమే, అదీ ఎక్కువగా 30, 40 ఏళ్ల మధ్య. కాళ్ల ఎముకల్లో వచ్చినదానితో పోలిస్తే ఇది ఊపిరితిత్తులకు పాకడం తక్కువ. దీని అసలు ప్రమాదం ఉన్నచోటే మళ్లీ పుట్టుకురావడం.

అందుకే సర్జన్ కంటికి కనిపించే గడ్డ దగ్గర ఆగరు. చుట్టూ బాగున్నట్టు కనిపించే ఎముకను, కండను కూడా కలిపి తీస్తారు. తీసిన ముక్క అంచుల్ని మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఆ అంచుల్లో క్యాన్సర్ కణాలు లేకపోవడమే అన్నిటికంటే ముఖ్యమట. "కాస్త తక్కువ తీయండి" అని మనం బేరమాడకూడదు తల్లీ. రెండోసారి తీయాల్సి వస్తే పని ఇంకా కష్టమవుతుంది. నీది కింది దవడ కావడం కొంత మేలు. పైదవడలో అయితే కన్ను, పుర్రె అడుగుభాగం దగ్గరగా ఉండి అంచులు శుభ్రంగా దొరకడం కష్టం.

మెథోట్రెక్సేట్, డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులు ఆపరేషన్‌కు ముందో తర్వాతో ఇస్తారు. అవి తోడు మాత్రమే, ఆపరేషన్ బదులు కాదు. అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలిపోయినప్పుడు రేడియేషన్ ఎక్కువగా వాడతారు. చికిత్స తీసుకున్నవాళ్లలో ఐదేళ్లు దాటేవాళ్లు నూటికి అటూఇటుగా 60, 70 మంది అని చాలా లెక్కలు చెబుతున్నాయి. పూర్తిగా తీయగలిగితే ఇంకా మెరుగు.

ఇక ముఖం సంగతి. పిక్క పక్కనుండే సన్నటి ఎముకను దాని రక్తనాళాలతో సహా తీసి, దవడ వంపుకు తగ్గట్టు కోసి అమరుస్తారు. ఆ నాళాల్ని మెడలోని నాళాలకు కుడతారు. ఒంటి బరువును మోసేది ముఖ్యంగా పక్కనున్న పెద్ద ఎముక కాబట్టి నడక తిరిగి వస్తుంది. ఆ కొత్త ఎముకలో తర్వాత పళ్లు పెట్టే వీలూ చాలామందికి ఉంటుంది. కొన్నాళ్లు ట్యూబ్‌తోనే ఆహారం, మాట స్పష్టత కోసం సాధన తప్పవు. టీ గ్లాసు ఆనించినా వేడి తెలియట్లేదన్నావే, ఆ పెదవి మొద్దుబారడం పోకపోవచ్చు. దానికి స్పర్శనిచ్చే నరం ఆ ఎముక లోపలినుంచే వెళ్తుంది, దాన్నీ తీయాల్సి వస్తుంది. ఇది నీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

పన్ను కదలడం మొదలైనప్పుడు తీసిన ఎక్స్‌రే నీ దగ్గరే ఉంచు. పన్ను వేరు చుట్టూ వెంట్రుకంత ఉండాల్సిన నల్లగీత రెండు పళ్లకు వెడల్పయిందని డాక్టర్‌గారు ఫోన్‌లోని ఫోటోలో చూపించారు. అసలుది చూస్తానన్నారు. ఛాతీ సీటీ రిపోర్టు కూడా తీసుకురా. బుధవారం నేను నీ పక్కనే కూర్చుంటాను, అడగాలనుకున్నవన్నీ కాగితం మీద రాసుకుని రా.

మీ నాన్న