బార్ కౌన్సిల్ ఫిర్యాదుకు ఏడాది గడువు కాగితం మీదేనా?

గౌరవనీయులైన సంపాదకులకు,

న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు మంచిచెడులు చర్చించేంత చట్టజ్ఞానం నాకు లేదు. కానీ ప్లీడరు నిర్లక్ష్యంతో నష్టపోయిన కక్షిదారుకు ఇప్పుడు మిగిలినవి ప్రధానంగా రెండు దారులు: పరిహారం కోసం సివిల్ దావా, లేదా 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద, న్యాయవాదుల క్రమశిక్షణ చూసే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు. ప్లీడరు మీద దావాకు మరో ప్లీడరునే వెతుక్కోవాలి. అదే కోర్టులో రోజూ ఎదురుపడే వ్యక్తి మీద వకాల్తా పుచ్చుకునేవారు దొరకడం ఎంత కష్టమో తిరిగినవారికే తెలుస్తుంది.

అందుకే నేను బార్ కౌన్సిల్‌ను ఆశ్రయించాను. మా అమ్మ పేరనున్న ఎకరంన్నర పొలం దావా నాలుగేళ్లు నడిచింది. ‘ప్రతి వాయిదాకూ మీరెందుకమ్మా రావడం, నేను చూసుకుంటాను’ అని ప్లీడరుగారు అంటే నమ్మాం. ఒకరోజు ఈ-కోర్టుల యాప్‌లో కేసు నంబరు కొట్టి చూస్తే, వాయిదాకు ఎవరూ హాజరు కాలేదని డిఫాల్టు కింద కొట్టివేసి అప్పటికే ఐదు నెలలైంది. పునరుద్ధరణ కోరడానికి చట్టం ఇచ్చే గడువు 30 రోజులే. అడగడానికి వెళ్తే గుమస్తా బయటికి వచ్చి, పాత ఫీజు బాకీ కడితేనే కేసు కాగితాల కట్ట చేతికిస్తామన్నాడు. ఫీజు బాకీ ఉన్నా కక్షిదారు కాగితాలు ఆపుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. ఈ సంగతి మాకు చెప్పిందీ, ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేసి దావాను మళ్లీ ఫైలు మీదికి తెచ్చిందీ మరో న్యాయవాదే కనుక, నేను వృత్తినంతటినీ నిందించడం లేదు.

ఫిర్యాదు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. తేదీ సగమే పడిన ముద్రతో అక్నాలెడ్జ్‌మెంటు కార్డు తిరిగివచ్చింది. ఆ తర్వాత పదహారు నెలలుగా ఒక్క ఉత్తరం లేదు. ఫోను చేస్తే ‘కమిటీ ముందుంది’ అంటారు. అడ్వకేట్స్ చట్టం 36బి సెక్షన్ ప్రకారం క్రమశిక్షణ కమిటీ ఫిర్యాదును ఏడాదిలోగా పరిష్కరించాలి, లేదంటే అది భారత బార్ కౌన్సిల్‌కు బదిలీ కావాలి. ఈ గడువును పాటించాలని సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో గుర్తుచేసింది కూడా. మందలింపు నుంచి సస్పెన్షన్, న్యాయవాదుల జాబితా (రోల్) నుంచి పేరు తొలగింపు దాకా కమిటీకి అధికారాలున్నాయి. అందులోని ముగ్గురూ న్యాయవాదులే కావడం మీద నాకు పేచీ లేదు, వాళ్ల పని వాళ్లకే బాగా తెలుస్తుంది. తెలియనిదల్లా ఫిర్యాదు పెట్టినవాడి సంగతే.

మారుమూల తాలూకా కోర్టు వాయిదా సైతం ఫోనుకు సందేశంగా వస్తున్న రోజుల్లో, ఫిర్యాదుకు ఒక నంబరిచ్చి, ఏ దశలో ఉందో రెండు ముక్కలు తెలుగులో తెలపడం కౌన్సిల్‌కు భారం కాబోదు. శిక్ష పడిన ఉత్తర్వులను అందరూ చూసేలా ఉంచితే, వకాల్తా మీద సంతకం పెట్టే ముందు జనం ఒకసారి చూసుకుంటారు. తప్పుడు ఫిర్యాదులు వస్తాయన్న వాదన నిజమే, వాటినైనా ఏడాదిలో కొట్టివేస్తే ఆ న్యాయవాదికే మేలు కదా.

ప్రస్తుతం మా ఫిర్యాదు రాష్ట్ర కౌన్సిల్‌లోనే ఉందా, ఢిల్లీలోని భారత బార్ కౌన్సిల్‌కు వెళ్లిందా అన్నదైనా సంబంధిత అధికారులు తెలియజేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక కక్షిదారు, నల్గొండ జిల్లా