పార్కు స్థలం కేసు: జమా ఖర్చుల వివరణ (11 అక్టోబరు 2024 నుంచి 31 ఆగస్టు 2025 వరకు)

కాలనీవాసులందరికీ నమస్కారం.

పార్కు కేసు కోసం మీరిచ్చిన డబ్బుకు లెక్క ఇది. మూడు నెలలకోసారి చెప్తామని మొదటి మీటింగులో మాటిచ్చి, పదకొండు నెలలకు చెప్తున్నాం. తప్పు కమిటీది, అందులో ఎక్కువ భాగం కోశాధికారినైన నాది. మొత్తం జమ 3,72,601 రూపాయలు. ఖర్చు 2,94,953. నిల్వ 77,648. నిల్వలో 75,498 బ్యాంకులో, 2,150 నా దగ్గర నగదుగా ఉన్నాయి. ఇక్కడికే చదవడం ఆపేసేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: వకీలు గారికి ఇంకా 50,000 బాకీ ఉన్నాం. అది తీసేస్తే మన చేతిలో మిగిలేది 27,648.

ఈ ఏడాది కొత్తగా వచ్చినవాళ్ళ కోసం జరిగింది కొంచెం చెప్పాలి. నిరుడు అక్టోబరు 10, గురువారం సద్దుల బతుకమ్మ. రాత్రి పదకొండింటిదాకా పార్కులో ఆడి ఇళ్ళకు వచ్చాం. తెల్లారేసరికి మూడు వైపులా నీలం రేకులు, గేటుకు కొత్త తాళం, ‘ఇది ప్రైవేటు ఆస్తి’ అని బోర్డు. కోర్టుకు దసరా సెలవులు, ఆఫీసుల్లో ఫోనెత్తేవాళ్ళు లేరు. ఆ రోజునే ఎందుకు ఎంచుకున్నారో వేరే చెప్పక్కర్లేదు. స్థలం కాగితాల ప్రకారం 2,150 చదరపు గజాలు. 1987లో హుడా (అప్పటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) ఆమోదించిన లేఅవుట్‌లో పార్కుగా చూపించి, రోడ్లతో పాటు అప్పటి గ్రామ పంచాయతీ పేరిట గిఫ్ట్ డీడ్ చేశారు. ఎదుటివాళ్ళ దగ్గరున్నది పట్టాదారు వారసులు సర్వే నంబరు మీద రాసిచ్చిన సేల్ డీడ్. పార్కుకు ప్లాట్ నంబరు ఉండదు కాబట్టి మనం ఎవరం ఎన్నడూ దాని ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం, తీసి చూడలేదు. సర్వే నంబరు పెట్టి తీసినప్పుడే ఆ అమ్మకం బయటపడింది.

ఇక జమ. ఇంటికి 2,000 అనుకున్నాం. కాలనీలో 164 ఇళ్ళుంటే 120 ఇళ్ళ నుంచి పూర్తిగా వచ్చింది, అది 2,40,000. మరో 17 ఇళ్ళవాళ్ళు వీలైనంత ఇచ్చారు, 16,500. బయట ఊళ్ళలో ఉంటున్న ఖాళీ ప్లాట్ల యజమానులు 22 మంది 44,000 పంపారు. వాళ్ళు పార్కులో ఒక్కరోజు కూర్చున్నది లేదు, అయినా అడిగిన వారంలో పంపారు. కిరాయిదారుల్ని అడగలేదు, అయినా కొందరు కలిసి 9,450 ఇచ్చారు. వినాయక చవితి కమిటీ నిరుడు మిగిలిన 18,350 ఇచ్చింది. కిరాణా కొట్టు దగ్గర పెట్టిన స్టీలు డబ్బాలో 6,214 పోగయింది. బ్యాంకు వడ్డీ 1,087. ఎవరిదో తెలియని 2,000 ఒకటుంది, దాని సంగతి చివర్లో.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఇద్దరు 35,000 పంపారు, అది జమలో ఉంది. మూడో అబ్బాయి డల్లాస్ నుంచి పంపిన 20,000 మాత్రం తిప్పి పంపాం. అతను అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. పౌరసత్వం మారినవాళ్ళు ఇచ్చేది విదేశీ విరాళం కిందికి వస్తుంది, దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అనుమతి ఉండాలి, మన సంఘానికి లేదు. భారత పౌరులుగానే ఉండి అక్కడ ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళ సొంత డబ్బుకు ఆ ఇబ్బంది లేదు. ‘మా వాడి పైసలు మీకు పనికిరావా’ అని వాళ్ళ నాన్నగారు నాతో రెండు వారాలు మాట్లాడలేదు. కారణం ఇదీ అని ఇప్పటికైనా నమ్ముతారని ఆశ.

చందాలు ఒక్కలా రాలేదు. మొదటి పది రోజులు పోటెత్తాయి, సంక్రాంతికి ఆగిపోయాయి. మళ్ళీ ఏప్రిల్ మొదటి వారంలో, కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం టీవీల్లో చూశాక, 3వ తేదీన సుప్రీంకోర్టు పనులు ఆపమన్నాక, అడక్కుండానే 14 ఇళ్ళవాళ్ళు వచ్చి ఇచ్చారు. మన వేపచెట్ల గురించి ఎంత చెప్పినా కదలనివాళ్ళు అక్కడి నెమళ్ళను చూసి కదిలారు. సంతోషమే. ఇవ్వనివాళ్ళ పేర్లు గ్రూపులో పెట్టమని కొందరి డిమాండ్. పెట్టం. చందా అంటే చందానే, పన్ను కాదు.

మొదటి వారంలో వచ్చిన 38,000 నా సొంత ఫోన్‌పేలో పడింది. దాని మీద గ్రూపులో జరిగిన చర్చ నాకు తెలుసు. సంఘం ఖాతాకు అప్పటికి యూపీఐ లేదు, రేకులు పడ్డ రోజు ఎవరి నంబరు చేతికొస్తే అది ఇచ్చాం. 19వ తేదీన మొత్తం సంఘం ఖాతాలోకి మార్చాను. నా ఖాతా స్టేట్‌మెంట్‌లో ఆ తొమ్మిది రోజుల పేజీలు ఫైల్లో ఉన్నాయి. నేను ఏ హోటల్లో ఏం తిన్నానో కూడా అందులో కనబడుతుంది, చూసుకోండి.

ఖర్చులో సగానికి పైగా ఒక్క చోటికే పోయింది: వకీలు ఫీజు 1,50,000. మాట్లాడుకున్నది రెండు లక్షలు. 75,000కే చేస్తానన్న వకీలు ఉన్నాడు కదా అని అడిగారు. ఆయన చెప్పింది హైకోర్టులో రిట్ పిటిషన్ వేయడం వరకే, వాయిదాకు వాయిదాకు వేరే. ఇప్పటికి తొమ్మిది వాయిదాలయ్యాయి, లెక్క మీరే కట్టండి. ‘పార్కు మునిసిపాలిటీది, మధ్యలో వీళ్ళకేం హక్కు’ అని ఎదుటివాళ్ళు వాదించినప్పుడు మన వకీలు 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించారు. బెంగళూరు రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే అక్కడి నివాసులే కోర్టుకెళ్ళి గెలిచిన కేసు అది. నివాసులకు అడిగే హక్కుందని అందులో ఉంది. నవంబరులో మనకు స్టేటస్ కో వచ్చింది.

స్టేటస్ కో అనగానే రేకులు పీకేస్తారనుకున్నాం. ఎక్కడివక్కడే ఉండాలనేది దాని అర్థమని, రేకులు కూడా అందులోకే వస్తాయని తర్వాత తెలిసింది. ఆ తెలియకపోవడానికి 12,000 ఖర్చయింది. తొందరపడి అక్టోబరులోనే రాతి కడీలకు, జాలీకి 40,000 అడ్వాన్సు ఇచ్చాం. వకీలు ఆపమన్నాక 28,000 వెనక్కి వచ్చింది, మిగతాది రాలేదు. ఇది పూర్తిగా కమిటీ తప్పు.

కోర్టు ఫీజు, టైపింగు, అఫిడవిట్లు, జిరాక్సులు 14,860. ఈసీలు, డీడ్ల సర్టిఫైడ్ కాపీలు 8,420. ఆర్టీఐ మొత్తం 308, అందులో పోస్టు ఖర్చే 186. లేఅవుట్ ప్లాను, గిఫ్ట్ డీడ్ కాపీల కోసం ఒక ఆఫీసుకు వెళ్తే పాత ఫైలు వెతకాలని 5,000 అడిగారు. ఇవ్వలేదు. మూడు అర్జీలకు పదేసి రూపాయలు కట్టాం, 46 పేజీలకు పేజీకి రెండు రూపాయల చొప్పున 92 కట్టాం. ముప్పై రోజుల్లో రావాల్సింది, అప్పీలు వేస్తే 71వ రోజున వచ్చింది. ఇచ్చేస్తే వారంలో పనైపోయేదని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నిజమే కావచ్చు. కానీ ఆ 5,000 ఈ కాగితంలో ఏ పేరుతో రాయాలి? ఆ పేజీలు కోర్టులో వేశాకే మునిసిపాలిటీ ‘స్థలం మాదే’ అని కౌంటరు వేసింది. కోర్టు అనుమతితో జూలైలో రేకులు పోయాయి. కేసు ఇంకా నడుస్తోంది.

రాత్రి కాపలా మనిషికి నెలకు 9,000 చొప్పున నాలుగు నెలలు 36,000. రెండు సీసీ కెమెరాలు 16,500. రేకులు పాతేటప్పుడు బోరు కేబుల్ కోసేశారు, కొత్తది 4,380. లేకపోతే ఎండాకాలానికి చెట్లు మిగిలేవి కావు. కోర్టుకు ఆటోలు, కార్లు 9,600. ఫ్లెక్సీలు 11,300. మొదటిసారి ‘ఆక్రమణ’కు దీర్ఘం లేకుండా ‘అక్రమణ’ అని వచ్చింది, రెండోసారి సగం ధరకు వేయించాం. ప్రూఫు చూసింది తెలుగు మాస్టారే, పేరు అడక్కండి. రసీదు బుక్కులు, రిజిస్టరు, బ్యాంకు చార్జీలు 1,640.

టెంటు, కుర్చీలు, చాయ్, నీళ్ళు 7,945. గ్రూపులో వకీలు ఫీజు మీద రెండు ప్రశ్నలొస్తే, చాయ్ మీద ఇరవై వచ్చాయి. టెంటు, కుర్చీలకు 3,200. మిగతా 4,745 మొదటి పదకొండు రాత్రులు గేటు దగ్గర కూర్చున్నవాళ్ళకు, మీటింగులకు. అడిగినవాళ్ళలో ముగ్గురు ఆ చాయ్ తాగినవాళ్ళే.

సర్వేకు అయిన 22,000 గురించి కొంచెం ఆగి చెప్పాలి. మే నెలలో సర్వేయరు మిషనుతో కొలిస్తే పార్కు 2,082 గజాలే వచ్చింది. 68 గజాలు తక్కువ. రేకులవాళ్ళు తిన్నది కాదది. పార్కుకు ఆనుకున్న రెండు ఇళ్ళు లోపలికి జరిగాయి. ఒకటి 49 గజాలు. రెండోది 19 గజాలు, అది నాది.

1998లో ఇల్లు కట్టినప్పుడు పక్కన ముళ్ళచెట్లు తప్ప ఏమీ లేవు. మేస్త్రీ దారం లాగిన చోట గోడ లేచింది, తర్వాత గోడ పక్కన కారు షెడ్డు వేశాను. తెలిసి చేశావా అంటే, తెలుసుకోవాలని అనుకోలేదు అనడమే నిజం. ‘పార్కును కాపాడుదాం’ ఫ్లెక్సీ పదకొండు రోజులు ఆ షెడ్డు ఇనుప పైపుకే కట్టి ఉంది. జూన్‌లో షెడ్డు తీసేసి గోడ వెనక్కి జరిపాను. ఆ ఖర్చు ఈ లెక్కలో లేదు, ఉండకూడదు. 49 గజాల వారికి కమిటీ రెండుసార్లు లెటరు ఇచ్చింది. వాళ్ళు చందా పూర్తిగా ఇచ్చినవాళ్ళు, మొదటి రాత్రి నుంచి గేటు దగ్గర కూర్చున్నవాళ్ళు. ఏం చేయాలో కమిటీలో ఏకాభిప్రాయం లేదు. ఎదుటివాళ్ళు ఈ సంగతి కోర్టులో చెప్పకముందే మనమే సర్దుకోవాలని వకీలు అంటున్నారు. ఇది జనరల్ బాడీలో తేలాల్సిన విషయం.

పైసలు ముట్టుకునేవాడి షెడ్డే పార్కులో ఉంటే ఎలా అని అడిగారు, న్యాయమైన ప్రశ్న. సెప్టెంబరు నుంచి లెక్కలు వేరేవాళ్ళు చూస్తారు. 14వ తేదీ ఆదివారం ఉదయం పది గంటలకు పార్కులో వేపచెట్టు కింద మీటింగు. రిజిస్టరు, రసీదులు, పాసుబుక్కు, సర్వే మ్యాపు అక్కడ ఉంటాయి. కొత్త కోశాధికారిని ఎన్నుకుని అవి అప్పగిస్తాను. ఆ వారంలో లెక్కలో తప్పు కనబడితే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి; గ్రూపులో వాయిస్ మెసేజ్‌లు వద్దు.

ఆ 2,000 మార్చి 9 రాత్రి 7:40కి యూపీఐలో వచ్చింది. పేరు సగమే కనబడుతోంది, నంబరు కలవడం లేదు. పంపినవాళ్ళు వచ్చి చెప్తే రసీదు రాసిస్తాం. రసీదు బుక్కులో 138వ నంబరు దాని కోసమే ఖాళీగా వదిలాను.