హద్దురాళ్ల లోపల ఏం బతికుందో చెప్పండి

వివిధ దేశాల పర్యావరణ శాఖల మంత్రులకు,

నమస్కారం.

2022 డిసెంబరులో మాంట్రియల్‌లో మీలో దాదాపు అందరి దేశాలూ కలిసి ఒక మాట ఇచ్చాయి. 2030 నాటికి నేలలో 30 శాతం, సముద్రంలో 30 శాతం కాపాడతామన్నాయి. నేల మీద 17 శాతం, సముద్రంలో 8 శాతం ఇప్పటికే దాటాం, మిగతాది ఎలా అన్నదే ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న ప్రశ్న. ఆ తాపత్రయం నాకు అర్థమవుతుంది. కానీ అదే ఒప్పందంలో, ఆ అంకె పక్కనే ఇంకొన్ని మాటలున్నాయి. జీవవైవిధ్యానికి ముఖ్యమైన చోట్లకు ప్రాధాన్యం ఇవ్వాలని, అవి ఒకదానితో ఒకటి కలిసి ఉండాలని, వాటి నిర్వహణ సమర్థంగా, న్యాయంగా జరగాలని. వాటి సంగతి అడగడానికే ఈ ఉత్తరం.

విస్తీర్ణం పెంచడానికి తేలికైన దారి, ఎవరూ పోటీకి రాని నేల చుట్టూ గీత గీయడం. ప్రపంచంలోకెల్లా పెద్ద జాతీయ పార్కు ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో ఉంది. తొమ్మిది లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. అందులో చాలా భాగం మంచు. ధ్రువపు ఎలుగులకు అది ఇల్లే, దాన్ని కాపాడాల్సిందే. కానీ అంత మంచూ కలిసి ఒక్క నదీ మైదానానికి బదులు కాలేదు. సారవంతమైన లోయలు, గడ్డినేలలు, నదీతీరాల్లో ఎన్నో జాతులు బతుకుతాయి. మనం దున్నుకోవాలనుకునేదీ ఆ నేలనే. అందుకే పార్కుల జాబితాలోకి అవి అంత తేలిగ్గా రావు.

గీత గీశాక ఏం జరుగుతుందన్నది అంతకన్నా పెద్ద విషయం. భారతదేశంలో భరత్‌పూర్ దగ్గరి కేవలాదేవ్ చిత్తడినేల కథ నన్ను వదలదు. ఉన్నది 29 చదరపు కిలోమీటర్లే. 1982లో అక్కడ పశువుల మేపు నిషేధించారు. తరతరాలుగా గేదెల్ని తోలుకొచ్చిన ఊళ్లవాళ్లు ఎదురు తిరిగారు. కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత గడ్డితో చిక్కు మొదలైంది. గేదెలు నీళ్లలో నిలబడి మేసిన నీటిగడ్డి, మేసేవాళ్లు లేక చాపలా అల్లుకుపోయింది. బాతులు దిగడానికి ఖాళీ నీళ్లు తగ్గిపోయాయి. ఏళ్ల తరబడి పరిశీలించిన శాస్త్రవేత్తలు చివరికి తేల్చింది, గేదెల మేత ఆ చిత్తడినేలకు మేలే చేసిందని. పక్షుల కోసం చేసిన నిషేధం పక్షులకే ఎదురు తిరిగింది. ఇక సైబీరియా నుంచి వచ్చే తెల్ల కొంగలైతే (సైబీరియన్ క్రేన్లు) 2002 తర్వాత అక్కడ కనిపించలేదు. దేశాలు దాటి ఎగిరొచ్చే పక్షిని దారిలో వేటాడుతుంటే, గమ్యం దగ్గర కంచె ఏం చేస్తుంది?

జర్మనీలో 63 రక్షిత ప్రాంతాల్లో గుడారంలాంటి వలలు కట్టి, పడ్డ పురుగుల్ని ఏళ్ల తరబడి తూకం వేశారు. 27 ఏళ్లలో ఎగిరే పురుగుల బరువు 75 శాతానికి పైగా పడిపోయిందని 2017లో తేలింది. హద్దులు చెక్కుచెదరలేదు, ఆ పార్కుల విస్తీర్ణం మీ లెక్కల్లో అలాగే ఉంది. చుట్టూ ఉన్న పొలాల సాగు పద్ధతుల మీద శాస్త్రవేత్తల అనుమానం. ఆ తూకం వేసి ఉండకపోతే మనకు ఎప్పటికీ తెలిసేది కాదు.

రక్షణ పనిచేయదని నేను అనడం లేదు. మెక్సికోలోని కాబో పుల్మోను చూడండి. 1995లో సముద్ర పార్కు అయింది. వేట మానాలని జాలరి కుటుంబాలే పట్టుబట్టాయి, కాపలా కూడా అవే కాశాయి. 1999 నుంచి పదేళ్లలో అక్కడి చేపల మొత్తం బరువు ఐదు రెట్లు దాటింది. గస్తీ, స్థానికుల ఒప్పుకోలు, చేపల లెక్క, మూడూ ఉన్నాయక్కడ.

నేను అడిగేది ఇదీ. ప్రతి రక్షిత ప్రాంతంలో ఏయే జాతులు ఎన్ని ఉన్నాయో తీయించండి. ఐదేళ్లకోసారి అదే చోట, అదే పద్ధతిలో మళ్లీ తీయించండి. తగ్గితే తగ్గిందని జనం ముందు పెట్టండి, కారణం హద్దు బయట ఉంటే ఆ శాఖ మంత్రితో మాట్లాడండి. అక్కడ తరాలుగా బతుకుతున్నవాళ్లను ఖాళీ చేయించే ముందు, వాళ్లు ఆ నేలకు ఏం చేస్తున్నారో కనుక్కోండి. 2030లో మీరు శాతం ప్రకటించే రోజున, అందులో ఇలా లెక్క తీసిన నేల ఎంతో, తీయని నేల ఎంతో విడివిడిగా చెప్పండి.

ఇట్లు,
ఒక పౌరుడు