నా పక్కన నిలబడ్డ అక్కలకీ అన్నలకీ

ఫిలడెల్ఫియాలో నా ఫిర్యాదు విషయంలో తోడుగా ఉన్న నల్లజాతి అక్కలకీ, అన్నలకీ, ప్యూర్టోరికో నుంచి వచ్చిన పెద్దాయనకీ పేరుపేరునా దండాలు. వాళ్లకి ఎదురుగానే చెప్పుకున్నాను. మన తెలుగువాళ్లకీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

ఊరి నడిబొడ్డున గేబర్‌హుడ్ అని మా ఎల్జీబీటీక్యూ వాళ్ల, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటివాళ్ల పేట ఉంది. అక్కడొక బార్ గుమ్మం దగ్గర నా డ్రైవింగ్ లైసెన్స్ చాలదన్నారు, పాస్‌పోర్టు చూపించమన్నారు. నా ముందున్న తెల్ల కుర్రాళ్లని ఏ కార్డూ అడగలేదు. మాట రాక వెనక్కి తిరిగాను. నా వెనకాల నిలబడ్డ అక్క భుజం పట్టుకుని ఆపింది. టైము రాసుకుంది, గుమ్మం దగ్గరతను అన్న మాటలు అన్నవన్నట్టే ఫోన్‌లో ఎక్కించింది, చూసినవాళ్ల నంబర్లు తీసుకుంది. ‘‘ఇప్పుడే రాసుకోవాలి. పొద్దున్నకి నీకే అనుమానం వస్తుంది, నిజంగా అలా అన్నారా అని’’ అంది. వివక్ష ఫిర్యాదులు చూసే నగర మానవ సంబంధాల కమిషన్‌కి ఇవ్వాల్సిన ఫారం నింపుతుంటే చివరి లైను దాకా పక్కనే కూర్చుంది.

ఆవిడకి ఇది కొత్త కాదు. 2016లో ఆ పేటలోనే ఒక బార్ యజమాని నల్లవాళ్లని నీచంగా తిట్టిన వీడియో బయటపడింది. ఆ అక్టోబరులో కమిషన్ బహిరంగ విచారణ పెడితే జనం వచ్చి ఏళ్లతరబడి పడ్డదంతా చెప్పారు. ఒకటికి రెండు ఐడీలు అడగడం, నల్ల కుర్రాళ్లు ఎక్కువగా వేసుకునే టింబర్‌లాండ్ బూట్లు చూసి ఆపేయడం, ఇలాంటివే. మరుసటి ఏడాది బార్లవాళ్లు వివక్ష మీద శిక్షణ తీసుకోవాలని కమిషన్ చెప్పింది. 2017 జూన్‌లో సిటీ హాల్ దగ్గర మా ఎల్జీబీటీక్యూ వాళ్ల ఇంద్రధనుస్సు జెండా, తెల్లవాళ్లు కానివాళ్ల కోసం నలుపు, గోధుమ రంగు చారలు కూడా చేర్చి, ఎగిరింది. ‘అందరి జెండాకి ఇంకా రంగులెందుకు’ అని సణిగినవాళ్లు తక్కువేం కాదు. గుమ్మం అందరికీ తెరుచుకోనప్పుడు ఆ రంగులు ఉండి తీరాల్సిందే.

ట్రాన్స్ హక్కుల కోసం పోరాడిన సిల్వియా రివెరా గురించి చెప్పినప్పుడు పెద్దాయన గొంతు వణికింది. 1973లో న్యూయార్క్ ప్రైడ్ సభలో, జైళ్లలో మగ్గుతున్న ఎల్జీబీటీక్యూ వాళ్ల గురించి ఆమె మాట్లాడుతుంటే, గేలి చేసి అరిచింది సొంత ఉద్యమం వాళ్లే. అలా గెంటివేతలు చూసినవాళ్లే నాలాంటి పరాయివాడికి చోటిచ్చారు.

మన ఇళ్లలో నల్లవాళ్ల గురించి ఎలాంటి మాటలు దొర్లుతాయో మనకి తెలుసు. మనకి ఈ దేశం తలుపు తీసిన 1965 వలస చట్టం వాళ్ల పౌరహక్కుల పోరాటం ఊపులో వచ్చిందే. ఇది పిల్లలకి చెప్పండి.

ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. కమిషన్ ఆఫీసుకి నాతో వచ్చి, సాయంత్రం దాకా కూర్చుని, ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టిన అందరికీ మరోసారి దండం. ఈ చుట్టుపక్కల తెలుగు క్వీర్ (ఎల్జీబీటీక్యూ) పిల్లలెవరికైనా ఇలాంటిది ఎదురైతే మెసేజ్ పెట్టండి. ఫారం ఎలా నింపాలో వాళ్లు నాకు నేర్పారు, మీ పక్కన నేను కూర్చుంటాను.