సగ్గుబియ్యం మిల్లుల మురుగు నుంచి గ్యాస్ తీయాలి

సంపాదకులకు నమస్కారం.

పెద్దాపురం, సామర్లకోట వైపు కర్రపెండలం సీజన్‌లో సగ్గుబియ్యం మిల్లుల పక్కగా వెళ్తే ముక్కు మూసుకోవాల్సిందే. పిండి కడిగిన తెల్లటి నీళ్లు కాలువలో పులిసి నల్లబడతాయి. నిజానికి ఆ నీళ్లలో బోలెడు ఇంధనం ఉంది. సున్నంతో పులుపు తగ్గించి, గాలి చొరబడని ట్యాంకులో 35 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే సూక్ష్మజీవులు అందులోని పిండిని మీథేన్‌గా మారుస్తాయి. పేడతో నడిచే గోబర్ గ్యాస్ ప్లాంటు సూత్రమే ఇది. తమిళనాడులోని సేలం ప్రాంతంలో సగ్గుబియ్యం మిల్లులు ఈ గ్యాస్‌ను ఇప్పటికే వాడుకుంటున్నాయి. మన చిన్న మిల్లులకు విడివిడిగా ప్లాంటు పెట్టడం భారమే. నాలుగైదు మిల్లులు కలిసి కట్టుకునేలా ప్రభుత్వం సబ్సిడీ, బ్యాంకు రుణం ఇప్పించాలి. గ్యాస్ తీశాం కదా అని మిగిలిన నీటిని అలాగే పొలాల్లోకి వదిలితే మాత్రం అధికారులు ఊరుకోకూడదు. దాన్నీ శుద్ధి చేయించాలి.

— ఒక పాఠకుడు, సామర్లకోట