ఉప్పుటేటిలోకి వదులుతున్న శుద్ధి కాని మురుగునీటిపై ఫిర్యాదు

నిర్వహణ విభాగం మేనేజర్ గారికి,

విషయం: మా గ్రామ మురుగునీటి శుద్ధి కేంద్రంలో రాత్రిపూట బ్లోయర్లు ఆపడం, బైపాస్ గొట్టం తెరవడం గురించి.

అయ్యా,

విశాఖ తీరంలోని మా మత్స్యకార గ్రామం నుంచి వచ్చే మురుగునీటిని శుద్ధి చేసి ఉప్పుటేటిలోకి వదిలే బాధ్యత ఒప్పందం ప్రకారం మీ సంస్థది. కానీ రాత్రివేళ కరెంటు ఉన్నప్పుడు కూడా తొట్టెకు గాలి అందించే బ్లోయర్లను ఆపి, సంప్‌లో, అంటే మురుగు ముందుగా చేరే గుంతలో, ఉన్న మురుగును బైపాస్ గొట్టం ద్వారా నేరుగా ఏటిలోకి వదులుతున్నారు. తెల్లవారకముందే పడవలు దించే మావాళ్లు ఆ నల్లటి నీటిని చూస్తూనే ఉన్నారు.

దీనిపై మీ సూపర్‌వైజరు గారిని అడిగితే, ఇళ్ల నుంచి పరిమితికి మించి నీరు వస్తోందని, తొట్టె పట్టక బైపాస్ తీయాల్సి వస్తోందని చెప్పారు. ఈ సమాధానాన్ని మేము ఒప్పుకోలేము. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఎండాకాలంలో సైతం, అమావాస్యకూ పౌర్ణమికీ పోటు బలంగా ఉన్న రోజుల్లోనే సంప్ నిండి పొర్లుతోంది కాబట్టి, ఇసుకలో వేసిన గొట్టాల అతుకుల నుంచి, మ్యాన్‌హోళ్ల పగుళ్ల నుంచి ఉప్పునీరు లోపలికి ఊరుతోందని మా నమ్మకం. పోటు సమయంలో ఒకసారి, నీరు వెనక్కి తీసే పాటు సమయంలో ఒకసారి సంప్ నీటిలో ఉప్పు ఎంత ఉందో కొలిస్తే నిజం తేలిపోతుంది. అందుకు చేతిలో పట్టే చిన్న మీటరు చాలు. ఇంత సులువైన పరీక్ష చేయకుండా తప్పును గ్రామస్తుల మీదికి నెట్టడం మమ్మల్ని నిజంగా బాధించింది.

బ్లోయర్లు ఆపడం, ఉప్పునీరు ఊరడం అనే ఈ రెండు లోపాలూ కలిసి మరింత హాని చేస్తున్నాయి. మురుగును తినే సూక్ష్మజీవులకు ప్రాణవాయువు కావాలి. తొట్టె నీటిలో అది లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు ఉండేలా చూడడం వాడుక. గంటల తరబడి గాలి ఆగితే అవి నీరసించి, ప్రాణవాయువు అక్కర్లేని జీవులు పెరుగుతాయి. సముద్రపు నీటిలో సల్ఫేట్ ఎక్కువ కనుక, ఆ జీవులు దాన్ని హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. బడి పిల్లలు ముక్కు మూసుకుని నడిచే కుళ్లిన గుడ్ల కంపు అదే. మ్యాన్‌హోళ్ల కాంక్రీటును తినేసేదీ చివరికి అదే. అలాంటి నీటిలో క్లోరిన్ కలిపినా, రోగకారక క్రిములను చంపకముందే అందులో చాలా భాగం ఆ మలినాలకే ఖర్చయిపోతుంది.

మరబోట్లకు, మోటారు పడవలకు వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మాలో చాలా కుటుంబాలకు ఈ ఏరే ఆధారం. నడుం లోతు నీటిలో దిగి పీతలు, గుల్లలు ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. గుల్లలు నీటిని వడకట్టుకుని బతుకుతాయి కాబట్టి అందులోని క్రిములు వాటి ఒంట్లో పోగుపడతాయి. వాటిని తినేది మా పిల్లలు, కొనేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లు.

కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరు 13న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, మా వంటి ప్రాంతాల్లో శుద్ధి చేసిన నీటిలో బీఓడీ (మురుగు కుళ్లడానికి ఖర్చయ్యే ప్రాణవాయువు కొలత) లీటరుకు 30 మిల్లీగ్రాములు, మల సంబంధ కోలిఫాం (మలం కలిసిందని తెలిపే క్రిములు) 100 మిల్లీలీటర్లకు 1000 మించకూడదు. మీ నివేదికల్లో అన్నీ పరిమితిలోనే కనిపిస్తాయి. అయితే ఆ నమూనాలు బ్లోయర్లు నడిచే పగటిపూట, కేంద్రం లోపలి కుళాయి దగ్గర పట్టినవి. బైపాస్ నీరు ఆ కుళాయి వైపే రాదు.

కాబట్టి బైపాస్ గేటుకు వెంటనే తాళం వేసి, దాని తాళంచెవి ఒకటి పంచాయతీకి ఇవ్వాలని, తెరవక తప్పనప్పుడు సమయమూ కారణమూ రిజిస్టరులో రాయాలని కోరుతున్నాము. బ్లోయర్లు రాత్రి కూడా నడవాలి, జనరేటరులో డీజిల్ ఉండాలి. ఉప్పునీరు ఊరే అతుకులను వానలు ముదరకముందే మూయించాలి. ఇకపై నమూనాను పాటు సమయంలో, ఏటిలో కలిసే చోట, మా సంఘం ప్రతినిధి ఎదుట తీసి, ఫలితాన్ని పంచాయతీ బోర్డుపై తెలుగులో అంటించాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాము. రాని పక్షంలో 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం కింద చర్య తీసుకోవాలని కాలుష్య నియంత్రణ మండలికి ఫొటోలతో సహా అర్జీ పెడతాము.

ఇట్లు,
కార్యదర్శి,
గ్రామ మత్స్యకార సంఘం